మక్కలు ఆరబోసిన రన్‌వే

పొద్దు పొడవకముందే పోవాలె మామునూరుకు.
ఎండెక్కితే తారు మెత్తవడ్తది,
టైర్లు కరుసుకుంటయి, సెకండ్లు పోతయి.

యాకయ్య ఫియేటు
ములుగు రోడ్డు తుక్కు దుకాణంల తూకానికి దొరికింది.
డోరు ఒకటి నీలం. ఇంకోటి డోరే కాదు, రేకు.
ఎనుక సీటు పీకినం, డిక్కీ మూత పీకినం,
రేడియో బొక్కల గూడు పెట్టిన ఎలుకను గూడ
బరువు తగ్గాలెనని దించేసినం.

మీటరు ముల్లు సచ్చి ఇరవై ఏండ్లు.
అందుకే నేను.
డ్రిల్లు సారు దగ్గర బదులు తెచ్చిన స్టాప్‌వాచీ,
నాలుగు వందల మీటర్ల ఎడంతోని రెండు సున్నం రాళ్లు,
మొదటి రాయి కాడ తువ్వాల పట్టుకొని సాంబడు,
రెండో రాయి కాడ కాయితం మీద నా భాగహారం.
"పదహారు సెకండ్లకు ఎంతనే?"
"గంటకు తొంభై."
"పదిహేనుకు?"
"తొంభై ఆరు."
"మరి నూరుకు?"
పద్నాలుగు పాయింట్ నాలుగు.
లెక్క అయ్యేదాక ఆగడు.
బానెట్ మీద చెవి ఆనిచ్చి వింటుంటడు,
పసిపోరని కడుపుల నొప్పి ఎక్కడనో
ఒత్తి ఒత్తి చూసే నాయనమ్మ లెక్క.

ఈడ విమానం దిగంగ నేను చూడలే.
నేను పుట్టకముందు ముచ్చట.
ఇప్పుడు పగుళ్లల్ల గరిక, గొర్ల పెంటికలు,
గాలి ఎటుందో చెప్పే గుడ్డ గొట్టం పోయి
కంబానికి ఉత్త ఇనుప రింగు.
మిగిలిన మేరంత మక్కలు.
ఓదెమ్మయి.

ఎయిర్‌పోర్టుకు అధికారి ఎవరో మాకు ఎర్కలేదు గని
రన్‌వే ఇచ్చేది, ఇయ్యనిది ఓదెమ్మ.
పొరకతోని మక్కలను ఎడమకు ఊడుస్తది,
పిడికెడు పొట్టు ఎగరేసి చూస్తది,
"ఇటు సంది రాకుండ్రి, ఎదురుగాలి.
అటు మలుపుండ్రి బండిని."
నీకెట్ల తెల్సే అని యాకయ్య నోరు తెరిస్తే
"తూర్పార వట్టేదానికి గాలి తెల్వదారా?"

ఆ పొద్దు మూడుసార్లు ఉరికిచ్చినం.
పదహారు.
పదిహేను పాయింట్ రెండు.
పద్నాలుగు పాయింట్ ఏడు.
నూరుకు రెండు తక్కువ.
యాకయ్య దిగి తారును తన్నిండు.
"దాన్నెందుకు తంతవ్? అది నేను మోసింది."

పదమూడేండ్లప్పుడట.
అతుకులేసిన ఎండకాలం, తట్ట ఎన్క తట్ట కంకర,
కాళ్లకు గోనెపట్టలు, నెత్తిన చుట్టబట్ట.
విమానం వచ్చిననాడు
కూలోళ్లను కంచె అవతల నిలవెట్టిండ్రట.
సప్పుడు విన్నది. మీద ఏదో తళుక్కుమన్నది.
గంతే.
"దీని మీద నడిసిన, వంగిన,
మధ్యాహ్నం పూట పండిన గూడ.
ఉర్కలే."

యాకయ్య నా దిక్కు చూసిండు. నేను కారు దిక్కు.
ఒక మనిషి బరువంటే
మా లెక్కల సగం సెకండు.

ఎలుకను దించిన బండి అది.

నాటుకు దిగేటోలె చెప్పులిడిసి,
కొంగు నడుముకు చెక్కి, ముంగటెక్కింది.
రేకు డోరుకు సుతిలి కట్టిన.

అవతలి కొసకు పోయి మలిగి వచ్చిండ్రు.
ముందుగాల పొగ, ఎన్క సప్పుడు,
తువ్వాల పడ్డది,
నా బొటనవేలు వాచీ మీదనే ఉన్నది.
కిటికీల నుంచి ఒక చెయ్యి బయటికొచ్చింది.
అరచెయ్యి కొంచెం వంచింది, చెరిగేటప్పుడు చేటను వంచినట్టు.
చెయ్యి లేసింది.
ఆమె లేపలే, గాలి లేపింది.
గాజులు మోచేతికి జారినయి,
మక్కలు రెండు దిక్కుల చిటచిట ఎగిరినయి,
ఫియేటు నా ముంగట నుంచి పోయింది, పోయింది.

వాచీల సున్నాలు.

దిగినంక ఓదెమ్మ ఏమీ అనలే చాన సేపు.
కుడిచెయ్యి ఇంకా గట్లనే వంకరగ పట్టుకొని
దాన్నే చూసుకుంటున్నది.
మల్ల పొరక అందుకున్నది,
చెదిరిన మక్కలను తిట్టుకుంట ఊడ్సింది.

యాకయ్య ఇప్పటికీ అడుగుతడు,
ఆ నాలుగోది ఎంతనే అని.
భాగహారం అయితలేదంటున్న.
శేషం మిగులుతాంది.